మా ఇంటి రూలు

పేకాట మంచిదా చెడ్డదా అన్న చర్చ జోలికి నేను పోవడం లేదు. నేను అడగదలచుకున్నది అంతకంటే చిన్న ప్రశ్న. ఒక ఇంట్లో చెల్లే రూలు, ఆ ఇంటికి వచ్చిన పరాయి మనిషి మీద ఎప్పటినుంచి చెల్లుతుంది?

బరంపురం తెలుగువాళ్ళకి కుమార పూర్ణిమ సంగతి చెప్పనక్కర లేదు. దూరాన ఉన్న పాఠకుల కోసం చెబుతున్నాను. ఆశ్వయుజ పున్నమినాడు ఒడిశాలో పెళ్ళికాని ఆడపిల్లలు చంద్రుణ్ణి పూజిస్తారు. ఆ రాత్రి మేలుకుని పేకాడడం కూడా ఆనవాయితీ. తరాలుగా ఇక్కడే ఉన్న మా ఇంటికీ ఆ అలవాటు అంటుకుంది. మాది పదమూడు ముక్కల రమ్మీ. పాయింటుకి పావలా.

అందరూ ఎరిగిన రూళ్ళు మాకూ ఉన్నాయి. మొదట్లోనే డ్రాప్ అయితే 20, మధ్యలో అయితే 40, ఫుల్ కౌంటు 80. వాటికి తోడు మా సొంత రూళ్ళు కొన్ని. మొదటి ఆట లెక్కలోకి రాదు. గెలిచి ఉన్నవాడు తెల్లవారేదాకా లేవకూడదు. షో చేసిన ప్రతివాడూ హార్లిక్స్ సీసాలో ఒక రూపాయి వెయ్యాలి. పొద్దున్న టిఫిను ఖర్చు అందులోంచే. అన్నిటికంటే విడ్డూరమైనది నాన్నగారు పెట్టిన రూలు. ఇస్పేటు రాణి చేతిలో ఉండగా ఎదుటివాడు షో చేస్తే లెక్క రెట్టింపు. ఒకే రాత్రి మూడుసార్లు ఆ రాణి ఆయన్ని ముంచిందట. ఆ కోపం రూలై కూర్చుంది.

2004లో మా బ్రాంచికి కొత్తగా ఒక గుమస్తా వచ్చాడు. బలాంగీర్ వైపు ఒడియా కుర్రవాడు. పండక్కి ఊరెళ్ళలేక అద్దెగదిలో ఒంటరిగా ఉన్నాడని నేనే ఇంటికి పిలిచాను. నేను అతనికి ఆఫీసర్ని, పిలిస్తే రాననలేడు. ఆ సంగతి అప్పుడు నాకు తట్టలేదు.

ఆట బాగానే ఆడాడు. నాలుగో ఆటలో నేను షో చేశాను. అతనికి లైఫ్ పడలేదు, చేతిలో 68 ఉన్నాయి. ఇస్పేటు రాజు, రాణి పట్టుకుని జాకీ కోసమో, ఆసు కోసమో కూర్చున్నాడు. రాణి కనిపించగానే మా బావమరిది చప్పట్లు కొట్టాడు. 136 అన్నాం. కుర్రవాడు తెల్లబోయి, ఈ రూలు నాకు తెలియదు సార్, అన్నాడు.

“ఆట మొదట్లోనే చెప్పాం కదయ్యా,” అన్నాను. అబద్ధం కాదు. ముక్కలు పంచుతున్నప్పుడు, “రాణిని పట్టుకోకండర్రా, నాన్నగారు ఊరుకోరు,” అని మా బావమరిది హాస్యమాడాడు. అందరం నవ్వాం. కుర్రవాడూ నవ్వాడు. 34 రూపాయలు తీసి నా ముందు పెట్టాడు.

మంచినీళ్ళ చెంబు పట్టుకొచ్చిన అమ్మ గుమ్మంలో నిలబడి ఇదంతా చూసింది. “ఒరే, చెప్పానంటున్నావు. ఏ భాషలో చెప్పావురా?” అంది.

అతనికి తెలుగు ముక్క రాదు. మేం నవ్వితే మర్యాదకి నవ్వాడు.

రూలు విడ్డూరమైనది కాబట్టి తప్పు అని నేను అనను. డ్రాప్‌కి 20 అన్నది మాత్రం ఎవరు పెట్టారు? ఎక్కడో ఎవరో అనుకున్నదే. పైగా ఆ రాణి వల్ల నేనూ ఎన్నోసార్లు రెట్టింపు ఇచ్చుకున్నాను. అందరికీ ఒకటే రూలు కదా అని చాలాకాలం సర్ది చెప్పుకున్నాను. కాని రూలు ఒకటే అయినా ఆట ఒకటి కాదు. రమ్మీ ప్రధానంగా నేర్పుతో ఆడే ఆట అని 1967లో సుప్రీంకోర్టు చెప్పింది. ఏ ముక్క పడిందో గుర్తుంచుకోవాలి, ఏది ఉంచాలో ఏది పారెయ్యాలో తెలియాలి. అందులోనే నేర్పు ఉంది. ఆ రాత్రి రాణిని ముందుగా వదిలించుకోవాలని నాకు తెలుసు, అతనికి తెలియదు. మేం అతని డబ్బుకంటే ముందు అతని నేర్పునే లాగేసుకున్నాం.

అడిగి తెలుసుకోవలసింది కదా అనేవారున్నారు. ఉందని తెలియనిదాన్ని ఎవరు అడుగుతారు?

బ్యాంకు కౌంటరు దగ్గర ఇదే మాట నేను ఎన్నిసార్లు విన్నానో! “ఈ సంగతి మాకు చెప్పలేదు బాబూ.” నా జవాబు కూడా ఒకటే: “కాగితంలో ఉంది, మీరు సంతకం పెట్టారు.” కాగితం ఇంగ్లీషులో, సంతకం ఒడియాలోనో తెలుగులోనో ఉండేది, లేకపోతే వేలిముద్ర. 2024 అక్టోబరు 1 నుంచి ఇచ్చే చిల్లర అప్పులకి ముఖ్యమైన షరతుల పత్రం అప్పు తీసుకునేవారికి అర్థమయ్యే భాషలో ఉండాలని, దాన్ని వివరించి చెప్పాలని రిజర్వు బ్యాంకు నియమం పెట్టింది. ఆ సర్క్యులర్ చదివినప్పుడు మా అమ్మ గొంతే వినబడింది నాకు.

మనవాళ్ళకి ఇది తెలియని బాధ కాదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు బరంపురం మద్రాసు నుంచి ఇటు వచ్చింది. మా తాతగారు ఇల్లు కదల్లేదు, ఆయన కూర్చున్న చోటే ఆట మారింది. నడివయసులో ఒడియా అక్షరాలు దిద్దారాయన, నోటీసులో ఏముందో పక్కవాణ్ణి అడగడం ఇష్టం లేక. అలాంటి ఇంట్లో పుట్టి, అర్థంకాని భాషలో రూలు చెప్పి, చెప్పాననుకున్నాను.

ఆ రాత్రే అదనంగా తీసుకున్న 17 రూపాయలు తిరిగి ఇవ్వబోయాను. “వద్దు సార్, రూలు రూలే,” అన్నాడతను. ఆఫీసరు ముందు ఇంకేమంటాడు? తరవాత రెండేళ్ళు అదే బ్రాంచిలో పనిచేశాడు. మళ్ళీ పిలిస్తే ఏదో పని ఉందనేవాడు.

ఇప్పుడు మా పేకల పెట్టెలో ఒక అట్టముక్క ఉంది. ఒకవైపు తెలుగులో, రెండోవైపు ఒడియాలో ఇంటి రూళ్ళన్నీ రాసి పెట్టాను. కొత్తవాళ్ళు వస్తే ముక్కలు పంచకముందే చదివి వినిపిస్తాం. వద్దన్న రూలు ఆ రాత్రికి ఉండదు. ఆ 17 రూపాయలు మాత్రం నా లెక్కలో ఇంకా సస్పెన్స్ ఖాతాలోనే ఉన్నాయి.