మోసే బరువు లేని స్తంభం

కూల్చిన మండువా లోగిళ్ల టేకు స్తంభాలను కొత్త విల్లాల హాళ్లలో, తెల్లగోడలకూ సోఫాలకూ మధ్య నిలబెట్టడం పాతకొత్తలను కలిపే ఇప్పటి ట్రాన్సిషనల్ శైలిలో ఒక పోకడ. దీన్ని సంప్రదాయం కొనసాగడం అనవచ్చా? చక్రం రథం కాదు, ఇరుసూ రథం కాదని మిళింద రాజుకు బౌద్ధ భిక్షువు నాగసేనుడు చూపించాడు. స్తంభమూ అంతే, అదొక్కటే మండువా కాదు. అక్కడ అది చుట్టువాలు కప్పును మోసేది. నడుమ ఖాళీలోంచి వెలుతురూ వాననీళ్లూ ఇంట్లోకి దిగేవి. జిప్సం సీలింగ్ కింద దానికి మోసే పనేదీ లేదు.

అంటే పాతకొత్తల కలయికే తప్పా? కాదు. హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్ దర్బారు హాల్లో మొగలాయి కమానుల కింద బెల్జియం షాండ్లియర్లు ఎబ్బెట్టుగా లేవు. సభకు వెలుగివ్వడం వాటి పని. ఇక విల్లాల్లో ఇలా నిలబెట్టకపోతే ఆ స్తంభాల కలప పొయ్యిలోకి పోయేదన్న వాదన బలమైనదే. అయితే పెద్ద ఇంట్లో చోటుకు కొదవేముంది? నడుమ కప్పు తెరిచి, చుట్టూ వసారాను ఆ స్తంభాలకే అప్పగించవచ్చు. ఖర్చంటారా, ఇటాలియన్ మార్బుల్ దగ్గర గుర్తురాని లెక్క ఇక్కడెందుకో!