గనికి రెండో పంట లేదు

పొలానికీ గనికీ మౌలికమైన భేదం ఒకటుంది. పొలం ఈ ఏడు ఇచ్చినదాన్ని మరుసటి ఏడు మళ్లీ ఇస్తుంది. గని ఒక్కసారే ఇస్తుంది. పైరు కోసిన రైతు విత్తనం దాచుకుంటాడు. ఖనిజం తవ్వినవానికి దాచుకోదగిన విత్తనం లేదు. అందుచేత గని నుంచి వచ్చే ధనాన్ని ఆదాయమనాలా, తరిగిపోతున్న ఆస్తి అనాలా అన్న ప్రశ్న లెక్కల పరిధిని దాటి ధర్మవిచారణలోకి ప్రవేశిస్తుంది.

ఈ విచారణకు భిలాయ్ వంటి స్థలం అరుదు. 1955లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం ఫలితంగా వెలసిన ఈ ఉక్కు కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. ఏడాదికి 10 లక్షల టన్నుల ఉక్కు నాటి లక్ష్యం. తెలుగు జిల్లాలతో సహా దేశం నలుమూలల నుంచి జనం వచ్చి ఇక్కడి సెక్టార్లలో స్థిరపడ్డారు. బడులు, ఆసుపత్రి, విశాలమైన వీధులతో స్వతంత్ర భారతం కన్న ఒక కల ఇక్కడ రూపుకట్టింది. ఇక్కడ తయారైన పట్టాల మీద దేశపు రైళ్లు నడుస్తున్నాయి. ఆ కల అసత్యమని ఎవరూ అనలేరు.

అయితే ఆ కొలిమికి మేత అందించినవి దాదాపు 90 కిలోమీటర్ల దూరంలోని దల్లీ రాజహరా కొండలు. అక్కడ కాంట్రాక్టర్ల కింద వేలాది మంది స్త్రీపురుషులు చేతులతో ఖనిజం పగలగొట్టి లారీలకెత్తేవారు. ఒకే ఉక్కుకు చెమటోడ్చినా పట్టణంలోని ఉద్యోగికున్న భద్రత కొండమీది కూలికి లేదు. 1977లో వారు శంకర్ గుహా నియోగీ నాయకత్వంలో సొంత సంఘం పెట్టుకున్నారు. ఆ జూన్‌లోనే పోలీసు కాల్పుల్లో 11 మంది మరణించారు.

తరువాత యంత్రాల వివాదం వచ్చింది. కర్మాగారానికి సమమైన నాణ్యతగల ఖనిజం చౌకగా కావాలి. ఆ అవసరం న్యాయమైనదే. ఎండలో సుత్తి పట్టడమే మానవజీవితానికి పరమార్థమని కూడా ఎవరూ వాదించరు. యంత్రం వల్ల మిగిలే సొమ్ము ఎవరికి చెందాలన్నదే అసలు చిక్కు. పనిపోయినవానికి ఆ మిగులులో వాటా లేకపోతే, ఒకరి ఆకలిని మరొకరి పొదుపుగా రాసుకున్నట్లే. పూర్తి యంత్రీకరణకు బదులు పాక్షిక యంత్రీకరణను సంఘం ప్రతిపాదించడంలో ఈ వివేకం ఉంది.

ఆ కూలీలే తమ చందాలతో, శ్రమదానంతో కట్టుకున్న షహీద్ ఆసుపత్రి 1983లో ఆరంభమైంది. గనికి విత్తనం లేదన్న మాటకు అది ఒక జవాబు. కరిగిపోయే సంపదలో కొంత భాగాన్ని నిలిచే మేలుగా మార్చడమే విత్తనం దాచడం. నియోగీ 1991 సెప్టెంబరు 28న భిలాయ్‌లో హత్యకు గురయ్యారు, ఆసుపత్రి నిలిచింది.

రాజ్యం ఈ ఋణాన్ని ఆలస్యంగా గుర్తించింది. 1956 నుంచి 1990ల తొలినాళ్ల వరకు ఉక్కును దేశమంతటా ఒకే ధరకు అందించే రవాణా సమీకరణ విధానం వల్ల, ఖనిజం ఉన్న ప్రాంతానికి ఆ సామీప్యపు లాభం దక్కలేదు. 2015 చట్ట సవరణ ద్వారా జిల్లా ఖనిజ నిధులు ఏర్పడ్డాయి. పాత లీజులవారు రాయల్టీకి అదనంగా అందులో 30 శాతానికి సమానమైన మొత్తాన్ని చెల్లించాలి. రాయల్టీ పన్ను కాదని, ఖనిజంపై హక్కుకు ఇచ్చే ప్రతిఫలమని 2024 జూలైలో సుప్రీంకోర్టు తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనం మెజారిటీ తీర్పు చెప్పింది. ప్రతిఫలం చెల్లిస్తే బేరం ముగుస్తుంది. తిరిగిరాని వస్తువును తీసుకున్నప్పుడు మాత్రం బేరం ముగిసినా ఋణం మిగులుతుంది.

ఖనిజం జాతి సొత్తు అంటారు. నిజమే. ఆ జాతిలో కొండ పక్కన నివసించేవాడూ ఉన్నాడు, ఇంకా పుట్టని బిడ్డా ఉన్నాడు. దల్లీ రాజహరా నిల్వలు తరుగుతున్నందున కర్మాగారం చూపు రావుఘాట్ కొండల వైపు మళ్లింది. అక్కడి గ్రామాలకు ఏమి మిగులుతుందో ముందుగా చెప్పగలిగితేనే ఆ తవ్వకం ధర్మబద్ధమవుతుంది. ఆ మాట చెప్పేటప్పుడు గ్రామసభ ఎదుట కూర్చొని చెప్పాలి.