కుప్ప పక్కన పడుకున్న మనిషి

మా అక్క కొడుక్కి పదిహేడేళ్ళు. పోయిన సంక్రాంతికి నంద్యాలలో, మిద్దె మీద, వాడికి ఆ కథ మళ్ళీ చెప్పాను. ఎన్నోసారో గుర్తులేదు. ఇంటర్ చదివే రోజుల్లో ఆర్‌ఎక్స్ 100 మీద ఆళ్ళగడ్డ దాకా పందెం పోవడం, వెన్నెల ఉంది కదా అని హెడ్‌లైటు ఆర్పేయడం, రోడ్డు మీద ఆరబోసిన వడ్ల కుప్పలోకి దూసుకుపోవడం, పక్కన ముసుగుతన్ని పడుకున్న ముసలాయన లేచి మా ఏడు తరాలనూ తిట్టడం. తిట్ల దగ్గరికి వచ్చేసరికి నేను లేచి నిలబడి, తుండుగుడ్డ విదిలించి, ఆయన గొంతుతో తిడతాను. అక్కడ అందరూ నవ్వుతారు. ఈసారి అందరికన్నా ఎక్కువ మావాడే నవ్వాడు. నవ్వి నవ్వి, కళ్ళు తుడుచుకుని, చెయ్యి చాపాడు.

"సరే మామా, కీస్ ఇయ్యి."

ఇవ్వనన్నాను. లైసెన్సు లేదన్నాను. "నీకుండెనా?" అన్నాడు. లేదు. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని మార్చారనీ, మైనర్ బండి నడిపి పట్టుబడితే పెద్దవాళ్ళకు ఇరవై ఐదు వేల జరిమానా, మూడేళ్ళ జైలు దాకా ఉందనీ లెక్చర్ మొదలుపెట్టాను. నా మాటలు నాకే బ్యాంకు కోచింగ్ సెంటర్‌లో సారు చెప్పే పాఠంలా వినపడ్డాయి. వాడు అడిగినదాంట్లో తప్పేముంది? పదేళ్ళుగా నేను వాడికి అమ్ముతున్న సరుకే కదా అది.

అప్పటినుంచీ ఒక ప్రశ్న నన్ను వదలడం లేదు. ఎవరికీ ఏమీ కాకుండా బయటపడిన తప్పును ముచ్చటగా గుర్తు చేసుకునే హక్కు మనకు ఉందా?

ముందు ఆ ముచ్చట సంగతి చెప్పాలి, లేకపోతే నేనేదో పశ్చాత్తాపం పండించడానికి కూర్చున్నట్టు ఉంటుంది. అది నిజంగానే గొప్పగా ఉండేది. ఆర్‌ఎక్స్ 100 మన దేశంలో 1985లో మొదలై 1996లో తయారీ ఆగిపోయిన బండి. మా జతగాడి చిన్నాయన కొన్నది మా చేతికొచ్చేసరికి దానికి ఇంచుమించు మా వయసే. 98 సీసీ, పదకొండు గుర్రాల శక్తి. కాగితం మీద ఏమీ కాదు. కానీ కిక్కు కొట్టగానే ఆ టూ స్ట్రోక్ ఇంజన్ చేసే చప్పుడు, సైలెన్సర్‌లో గొట్టం పీకేశాక అది వీధి వీధంతా ఎగిరిపడేలా వేసే కేక, కాలిన ఆయిలు వాసన, ఇవి అనుభవించినవాళ్ళకు చెప్పక్కరలేదు, అనుభవించనివాళ్ళకు చెప్పలేం. పైగా 2004లో 'ధూమ్' వచ్చింది. పల్సర్లు, సీబీజెడ్లు ఉన్న పిల్లలందరికీ ఒక్కసారిగా తాము నంద్యాలలో ఎందుకు పుట్టామో అర్థం కాని బాధ పట్టుకుంది.

రోడ్డేమో ఉన్నది ఒక్కటే. కర్నూలు నుంచి నంద్యాల, ఆళ్ళగడ్డ, కడప మీదుగా చిత్తూరు పోయే హైవే. ఇప్పుడు నలభయ్యో నంబరు, అప్పుడు పద్దెనిమిది. అప్పట్లో ఎదురుబొదురు రెండే వరుసలు, మధ్యలో డివైడరూ లేదు, దీపాలూ లేవు. ఊరు దాటితే ఎడమ చేతి వైపు నల్లమల నల్లగా వెంట వచ్చేది. సిరివెళ్ళ మీదుగా ఆళ్ళగడ్డ నలభై కిలోమీటర్ల చిల్లర. పందెంలో డబ్బు ఉండేది కాదు, ఓడినవాడు డాబాలో బిల్లు కట్టాలి, అంతే.

ఆ డాబా మా డ్రైవ్ ఇన్. నవారు మంచాలు, మంచం మీద అడ్డంగా పలక, పురుగులు మూగే ట్యూబ్‌లైటు, తమిళనాడు పోయే లారీలు. కోడిగుడ్డు బుర్జీ, రెండు రోటీలు, ఒక థమ్సప్ నలుగురికి. బండ్లను ముందు చక్రం రోడ్డు వైపు తిప్పి వరసగా నిలబెట్టేవాళ్ళం. పోయేవాళ్ళు చూడాలి. ఎవరు చూస్తారు ఆ రాత్రి పూట? నిద్రముఖాల లారీ డ్రైవర్లు. ఎవరికోసం ఆ షో అంతా అని ఇప్పుడు ఆలోచిస్తే నవ్వొస్తుంది. అమ్మాయి అన్న మనిషే కనుచూపు మేరలో లేదు. మా అక్క నాకన్నా రెండేళ్ళు పెద్ద. ఆ బండి మీద ఒక్కసారే కూర్చుంది, మహానందికి పోయేటప్పుడు, ఒక పక్కకు, చున్నీ జాగ్రత్తగా ఒళ్ళో పెట్టుకుని. ఆ ఏడే పెళ్ళి చేశారు. "ఆ రోజులే వేరు" అని మేం అన్నప్పుడల్లా తను లేచి వంటింట్లోకి పోతుంది. ఆ రోజులు తనకు వేరేగా ఏమీ లేవు మరి.

అమెరికా వాళ్ళకు దీని గురించి ఒక సినిమానే ఉంది. జార్జ్ లూకాస్ 1973లో తీసిన 'అమెరికన్ గ్రాఫిటీ'. తను పెరిగిన మొడెస్టో అనే చిన్న ఊళ్ళో, 1962లో, ఒక్క రాత్రి. కుర్రాళ్ళు కార్లేసుకుని ఊరంతా తిరగడం, డ్రైవ్ ఇన్ హోటల్లో కార్లోనే కూర్చుని తినడం, తెల్లారుజామున రేసు. చూస్తుంటే హాయిగా ఉంటుంది. చివర్లో మాత్రం తెర మీద నాలుగు ఫొటోలు, కింద ఒక్కో వాక్యం వస్తాయి. రేసుల్లో ఎవరికీ ఓడని కుర్రాడు రెండేళ్ళ తర్వాత ఎవడో తాగి నడిపిన బండి గుద్ది చనిపోయాడు. ఇంకొకడు వియత్నాంలో కనిపించకుండా పోయాడు. అప్పటిదాకా మనం అనుభవించిన హాయిని లూకాస్ వెనక్కి లాక్కోడు. అది అలాగే ఉంటుంది, పక్కన ఈ వాక్యాలుంటాయి. నా కథలో నేను చెప్పకుండా దాటేసే వాక్యాలు కూడా ఉన్నాయి.

2006 సంక్రాంతి సెలవులు. అర్ధరాత్రి దాటింది. నేనూ మా జతగాడూ ఒక బండి, వెనక ఇంకో రెండు బండ్లు. కుప్ప నాకు ఆఖరి క్షణం దాకా కనపడలేదు. ముందు చక్రం వడ్లలోకి దిగి, బండి పాములా మెలికలు తిరిగి, ఎట్లాగో నిలదొక్కుకుంది. చక్రానికీ, దుప్పటి కప్పుకుని పడుకున్న మనిషి తలకూ మధ్య జానెడు ఉందో మూరెడు ఉందో. కథలో 'జానెడు' అంటాను. మాకు చిన్న గీత కూడా పడలేదు. ఆళ్ళగడ్డలో టీ తాగి, నవ్వుకుంటూ తిరిగొచ్చాం.

పది రోజులు కాకముందే ఇంకో జట్టులో పిల్లవాడొకడు అదే రోడ్డు మీద, సిరివెళ్ళ దాటాక, చనిపోయాడు. వడ్లు ఎత్తుకుపోయినవాళ్ళు కుప్ప చుట్టూ కాపలాగా పేర్చిన రాళ్ళు తీయడం మరిచిపోయారు. వాడి చక్రం రాయెక్కింది. వాడూ లైటు ఆర్పాడో లేదో ఎవరికీ తెలియదు. ఊళ్ళో మాత్రం తీర్పు ఒక్క రోజులో వచ్చేసింది. చేసుకున్నవాడికి చేసుకున్నంత. చావుకు పోయిన పెద్దవాళ్ళే, ఆ ఇంటి అరుగు మీదే, ఆ మాట అనడం విన్నాను. మా ఇంట్లో వాణ్ణి చూపించి నాకు బుద్ధి చెప్పారు, నేను తలూపాను. నా గురించి అనాల్సిన మాటలన్నీ వాడి గురించి అంటుంటే తలూపుతూ కూర్చున్నాను.

తత్వశాస్త్రంలో దీనికి పేరుందని చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. 1976లో బెర్నార్డ్ విలియమ్స్, థామస్ నేగెల్ అనే ఇద్దరు ఒకే సభ కోసం, ఒకరికి జవాబుగా ఒకరు, ఒకే శీర్షికతో వ్యాసాలు రాశారు. నైతిక అదృష్టం అని దాన్ని అనువదించుకోవచ్చు. నేగెల్ అడిగేది సూటిగా ఇదీ. ఇద్దరు డ్రైవర్లు ఒకే రకంగా నిర్లక్ష్యంగా నడిపారు. ఒకడికి రోడ్డుకు అడ్డంగా పిల్లవాడు వచ్చాడు, రెండోవాడికి రాలేదు. పిల్లవాడు రావడం, రాకపోవడం వాళ్ళ చేతుల్లో లేదు. మరి ఒకణ్ణి హంతకుడిలా, రెండోవాణ్ణి కాస్త దుడుకువాడిలా ఎందుకు చూస్తాం? మన చేతిలో ఉన్నదానికే మనం బాధ్యులం అని గట్టిగా పట్టుకుంటే, వెతికి చూస్తే మన చేతిలో ఉన్నదంటూ దాదాపు ఏమీ మిగలదంటాడు.

విలియమ్స్ ఇంకో లారీ డ్రైవర్ని చూపిస్తాడు. వాడి తప్పేమీ లేదు, అయినా పిల్లవాడు వాడి చక్రం కిందే పడ్డాడు. వాడి బాధ పక్కన నిలబడి చూసినవాళ్ళ బాధ లాంటిది కాదు. "నీ తప్పేం లేదులే" అని మనమే వాణ్ణి ఓదారుస్తాం, కానీ ఆ ఓదార్పును వాడు మరీ తొందరగా ఒప్పేసుకుంటే మనకే వాడి మీద అనుమానం వస్తుంది. ఇది చదివినప్పుడు నాకు గట్టిగా తగిలింది. తప్పు లేని ఆ డ్రైవరు జీవితాంతం మోస్తాడు. తప్పు ఉన్న నాకు మోయడానికి ఏమీ లేదు. ఆ ఖాళీలో వచ్చి కూర్చున్నదే ఈ ముచ్చట. ఏమైనా జరిగి ఉంటే అది కేసు అయ్యేది, ఏమీ జరగలేదు కాబట్టి కథ అయింది.

నీతినీ అదృష్టాన్నీ ఒకచోట చేరిస్తే ఇంగ్లీషులో ఆ రెండు మాటలూ ఒకదాన్నొకటి కొట్టేసుకోవాలనే విలియమ్స్ ఆ పేరు పెట్టాడట. తెలుగులో అంతగా కొట్టుకోవు. అదృష్టం అంటే అక్షరాలా కనిపించనిది. న్యాయ వైశేషికుల దగ్గర అది లాటరీ కాదు, మనిషి చేసిన పనుల వల్ల ఆత్మకు అంటుకుని ఫలితం ఇచ్చేదాకా ఉండిపోయే ధర్మాధర్మాలకు పేరు. అంటే మన మాటలో నీతే ముందుంది, లక్కు తర్వాత వచ్చి చేరింది. పూర్వజన్మల లెక్కల మీద నాకు నమ్మకం లేదు, చెప్పేస్తున్నాను. చేసుకున్నవాడికి చేసుకున్నంత అనే తీర్పు ఆ లెక్కల్లోంచే పుట్టిందనీ తెలుసు. కానీ 'కనిపించనిది' అన్న అర్థం మాత్రం నాకు పనికొస్తుంది. లైటు ఆర్పినప్పుడు నాకు కనిపించనిది విధి కాదు, దుప్పటి కప్పుకున్న ఒక మనిషి.

ఆ మనిషి అక్కడెందుకు పడుకున్నాడో కూడా నేను ఎన్నడూ ఆలోచించలేదు. 2014 ఏప్రిల్‌లో శోభా నాగిరెడ్డి చనిపోయినప్పుడు మొదటిసారి ఆలోచించాను. నంద్యాలలో ప్రచారం ముగించుకుని రాత్రి పూట ఆళ్ళగడ్డకు తిరిగొస్తుంటే, ఊరు దగ్గర పడ్డాక, రోడ్డు మీది ధాన్యం కుప్పను తప్పించబోయి బండి పల్టీ కొట్టిందని పేపర్లు రాశాయి. మర్నాడు హైదరాబాదులో ప్రాణం పోయింది. తర్వాత జరిగిన పోలింగులో ఆళ్ళగడ్డ ఆమెనే గెలిపించింది. ఆ వారమంతా ఊళ్ళో ఒకటే మాట, రోడ్డు మీద వడ్లు పోసేవాళ్ళను లోపలెయ్యాలి అని. నేనూ అన్నాను. తర్వాత ఒక రైతు నన్నే అడిగాడు: "యాడ పోసుకోమంటావు సార్?" కోత మిషన్ వచ్చాక పంటంతా ఒక్క పూటలో పచ్చిపచ్చిగా చేతికొస్తుంది. తేమ పదిహేడు శాతం దాటితే సర్కారు కొనదు. పాత కల్లాలు ఎప్పుడో పొలాల్లో కలిసిపోయాయి. నల్లరేగడి మీద పోస్తే మట్టి పడుతుంది. ఎండకు కాగే, గట్టిగా, చదునుగా, ఎవరి సొంతమూ కాని నేల ఆ చుట్టుపక్కల ఒక్కటే ఉంది, తారు రోడ్డు. వాళ్ళకది కల్లం, మాకు ట్రాక్. ప్రాణాల సంగతికొస్తే కుప్ప కూడా ప్రమాదమే, దాన్ని నేను వెనకేసుకు రావడం లేదు. కానీ వాళ్ళు అక్కడికి వచ్చింది వేరే దారి లేక, మేం వచ్చింది ఊరికే.

మొన్న ఇదంతా ఆ జతగాడితో అంటే విసుక్కున్నాడు. "ఏం కాలేదు కదరా. ఆ వయసులో ఎవడికి తెలివి ఉంటుంది?" నిజమే. కానీ ఆ రెండో మాట పోయిన పిల్లవాడికి ఒక్కరూ ఇవ్వలేదు. వయసు అనే మాఫీ బతికినవాళ్ళకే దొరికింది. నాకు అనిపించేది, వాడి మీద వేసిన నిందలో సగం దించి మా మీద వేస్తే లెక్క సరిపోతుందని. అట్లా అనుకోగానే వాళ్ళమ్మ గుర్తొస్తుంది. ఆమెకు ఏ లెక్క సరిపోతుంది?

ఇంకొక్కటి ఉంది, ఇక్కడిదాకా వాయిదా వేశాను. ఆ ముసలాయన తిట్టలేదు.

ఒక్క మాట కూడా అనలేదు. బండి నిలదొక్కుకున్నాక వెనక్కి తిరిగి చూశాను. ఆయన లేచి కూర్చుని ఉన్నాడు. మా వైపు చూడలేదు. చెల్లాచెదురైన వడ్లను రెండు చేతులతో దగ్గరికి లాక్కుంటున్నాడు. తిట్లు నేను కలిపాను. ఎప్పుడు కలిపానో గుర్తులేదు, బహుశా మొదటిసారి డాబాలో చెప్పినప్పుడే. తిట్టించకపోతే కథ నవ్వు తెప్పించదు. తిడితే చెల్లుకు చెల్లు, మేం ఆయన్ని భయపెట్టాం, ఆయన మమ్మల్ని తిట్టాడు, లెక్క తీరింది. మౌనంగా వడ్లు ఎత్తుకునే మనిషిని కథలో పెడితే బాకీ అట్లాగే ఉండిపోతుంది. పందెం పోయినందుకన్నా ఇరవై ఏళ్ళుగా ఆయన చేత అబద్ధపు తిట్లు తిట్టించినందుకు నాకు ఎక్కువ సిగ్గుగా ఉంది. పందెం నాడు నాకు పదిహేడేళ్ళు. ఆ తిట్లు ముప్పై ఏడేళ్ళకు కూడా తిట్టాను.

ఆ రాత్రి కీస్ జేబులో వేసుకుని మావాడికి ఇది చెప్పాను. వాడు కాసేపు ఏమీ అనలేదు.

"బండి ఆపినావా మామా?"

"లేదు."

"ఆయప్ప ఎవరో తెల్సా?"

"తెల్దు."

సరేనని ఫోను తీసుకుని కిందికి దిగిపోయాడు. మర్నాడు పొద్దున ఉగ్గాని, బజ్జీ తెద్దామని బండి తీస్తే వెనక ఎక్కాడు. పొగమంచు ఇంకా విడలేదు. ఊరి బయట రోడ్డుకు ఒక పక్క వడ్లు పోసి, చుట్టూ రాళ్ళు పేర్చి ఉన్నాయి. స్పీడు తగ్గించాను. వెనక నుంచి వాడు వంగి చూసి, ఇట్లాంటి కుప్పేనా అని అడిగాడు. ఇంతకన్నా చిన్నది, అన్నాను.