ముడుపు విప్పకండి, మొండిగా ఎక్కకండి: కొండయాత్రతో దానం చేసేవారికి రెండు మాటలు

 

ఈమధ్య మన ఆఫీసుల్లో ఒక మంచి అలవాటు కనిపిస్తోంది. "ఎవరెస్ట్ బేస్ క్యాంప్‌కి ట్రెక్ వెళ్తున్నాను. దీని పేరు మీద పేదపిల్లల చదువుకి విరాళాలు సేకరిస్తున్నాను, మీకు తోచింది ఇవ్వండి" అని ఎవరో ఒకరు లింక్ పంపుతారు. ఇంకొందరు ఆఫ్రికాలో 5,895 మీటర్ల కిలిమంజారో ఎక్కుతామంటారు. ఇది వినగానే ఇంట్లో పెద్దవాళ్ళు అడిగే ప్రశ్న ఒకటుంది: "దానం చేయాలంటే ఇక్కడి నుంచే చేయొచ్చు కదా నాయనా, మధ్యలో ఆ కొండ ఎందుకు?"

ఈ ప్రశ్నని నవ్వి తీసెయ్యకండి. చాలా లోతైన ప్రశ్న అది.

దీనికి జవాబు మన దగ్గరే ఉంది. తిరుమలకి బస్సు ఉంది. అయినా అలిపిరి దగ్గర 3,550 మెట్లు ఎక్కేవాళ్ళు రోజూ ఉంటారు. ప్రతి మెట్టుకీ పసుపు రాసి, కుంకుమ పెట్టి, వంగి వంగి వెళ్ళే ఆడవాళ్ళని మనం చూస్తూనే ఉంటాం. మన చెమట స్వామికేం అవసరం లేదు. మరి ఎందుకు? నోటితో మొక్కిన మాటకి ఒళ్ళు కూడా సాక్ష్యం చెప్పాలని. మంచిపని కోసం కొండ ఎక్కేవాడు చేసేదీ అదే. "నేను ఇంత కష్టపడతాను, మీరూ ఒక చెయ్యి వేయండి" అంటున్నాడు. అది మొక్కే. కాబట్టి మొక్కుకి ఉండే నియమాలు దీనికీ ఉంటాయి.

మొదటిది, ముడుపు విప్పకూడదు.

మన అమ్మమ్మలు కష్టం వచ్చినప్పుడు ఏం చేసేవారు? పసుపు గుడ్డలో డబ్బులు మూటకట్టి దేవుడి గూట్లో పెట్టేవారు. మర్నాడు పాలవాడికి ఇవ్వడానికి చిల్లర లేకపోయినా సరే, ఆ మూట మాత్రం విప్పేవారు కాదు. అది దేవుడి డబ్బు. ఇంటివాళ్ళు దానికి కాపలాదారులు మాత్రమే.

ఇప్పుడు ఈ ట్రెక్‌ల సంగతి చూడండి. కొన్నింటిలో వెళ్ళేవాడు తన విమానం టికెట్, గైడ్, బస ఖర్చు అంతా తన జేబులోంచే పెట్టుకుంటాడు. వచ్చిన విరాళమంతా సేవాసంస్థకి వెళ్తుంది. ఇంకొన్నింటిలో ఇంత మొత్తం సేకరిస్తే చాలు, అందులోంచే యాత్ర ఖర్చు తీసుకుంటారు. ఉదాహరణకి మూడు లక్షలు వచ్చాయనుకోండి, అందులో లక్షన్నర ప్రయాణానికే పోతే పిల్లలకి చేరేది సగం. ఇచ్చినవాళ్ళకి ఈ లెక్క ముందే తెలిస్తే, వాళ్ళు ఒప్పుకుని ఇస్తే, అది వేరే విషయం. చెప్పకపోతే మాత్రం అది దేవుడి గూట్లో ముడుపు విప్పడమే అవుతుంది.

భగవద్గీత పదిహేడో అధ్యాయంలో కృష్ణపరమాత్మ దానాన్ని మూడు రకాలుగా చెప్పాడు. ఇవ్వడం నా ధర్మం అనుకుని, తిరిగి ఏమీ ఆశించకుండా, తగిన చోట, తగిన సమయంలో, తగినవారికి ఇచ్చేది సాత్త్వికం. ప్రతిఫలం ఆశించిగానీ, బాధపడుతూగానీ ఇచ్చేది రాజసం. చోటూ కాలమూ చూడకుండా, పుచ్చుకునేవారిని చులకన చేస్తూ ఇచ్చేది తామసం. దానం పేరు చెప్పి పర్యటన చేస్తే అది ఏ గదిలో పడుతుందో ఎవరికి వారే చూసుకోవచ్చు. ఖర్చు మనది, కష్టం మనది, విరాళం మొత్తం పిల్లలది అయితే పెద్దవాళ్ళ ప్రశ్నకి అప్పుడు తలెత్తుకుని జవాబు చెప్పొచ్చు.

రెండోది ఇంకా ముఖ్యం. దిగిరావడానికి సిగ్గుపడకూడదు.

ఎవరెస్ట్ బేస్ క్యాంప్ 5,364 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడ గాలి ఒత్తిడి సముద్రమట్టం దగ్గర ఉండేదాంట్లో సగం మాత్రమే. అంటే ఒక్కో ఊపిరికీ అందే ప్రాణవాయువు కూడా దాదాపు సగమే. అందుకే 3,000 మీటర్లు దాటాక రాత్రి పడుకునే ఎత్తుని రోజుకి 500 మీటర్లకి మించి పెంచొద్దనీ, మూడు నాలుగు రోజులకోసారి ఆగి విశ్రాంతి తీసుకోమనీ డాక్టర్లు చెబుతారు. తలనొప్పి, వికారం, నిద్ర పట్టకపోవడం వస్తే ఇంకా పైకి వెళ్ళకూడదు. కదలకుండా కూర్చున్నా ఆయాసం వస్తున్నా, అడుగులు తడబడుతున్నా, మాట తికమకగా ఉన్నా వెంటనే కిందకి దిగాలి. ఆలస్యం చేస్తే ప్రాణం పోతుంది. ఒంట్లో ఎంత బలం ఉన్నా, జిమ్‌లో ఎన్నేళ్ళు కష్టపడ్డా ఈ జబ్బు రాకుండా ఉంటుందన్న హామీ లేదు.

సరిగ్గా ఇక్కడే దానం ప్రమాదంగా మారుతుంది. "రెండు వందల మంది నా మీద నమ్మకంతో డబ్బులిచ్చారు, ఇప్పుడు ఎలా వెనక్కి తిరగను?" అనిపిస్తుంది. తలనొప్పి ఉన్నా గైడ్‌కి చెప్పకుండా దాచేస్తాడు. చూడ్డానికి అది బాధ్యతలాగే ఉంటుంది. లోపల ఉన్నది మాత్రం అహంకారం. ఇచ్చినవాళ్ళు మీ ఫోటో కోసం ఇచ్చారా, పిల్లల పుస్తకాల కోసం ఇచ్చారా? పుస్తకాలు మీరు 5,364 దగ్గర ఉన్నా వస్తాయి, 4,000 దగ్గర ఆగిపోయినా వస్తాయి. మా సాఫ్ట్‌వేర్‌లో రోల్‌బ్యాక్ దారి లేకుండా ఏ మార్పూ లైవ్‌లో పెట్టం. ప్రాణానికి ఆ పాటి జాగ్రత్త అక్కర్లేదా అండీ?

కొండంత దేవుడికి కొండంత పత్రి తేగలమా అంటారు మనవాళ్ళు. ఎక్కగలిగినంతే మన పత్రి. కైలాస పర్వతాన్ని భక్తులు ఎక్కరు, చుట్టూ ప్రదక్షిణ చేస్తారు. ఎవరెస్ట్ దారిలోనే ఖుంబీలా అనే కొండ ఉంది. షెర్పాలకి అది దేవుడి కొండ. ఎంతోమందిని ఎవరెస్ట్ ఎక్కించిన షెర్పాలు కూడా ఆ కొండ మీద కాలు పెట్టరు. కింద నిలబడి దండం పెట్టడం కూడా భక్తేనని వాళ్ళకి తెలుసు.

1953 మే 29న టెన్జింగ్ నోర్గే, ఎడ్మండ్ హిల్లరీ ఎవరెస్ట్ మీద నిలబడ్డారు. టెన్జింగ్ అక్కడ మంచులో చిన్న గుంట తీసి, తెచ్చుకున్న మిఠాయిలు, బిస్కెట్లు దేవతలకి నైవేద్యంగా పెట్టాడు. వాళ్ళు శిఖరం మీద ఉన్నది ఓ పావుగంట. హిల్లరీ మాత్రం తర్వాత మళ్ళీ మళ్ళీ ఆ లోయకి వచ్చాడు. షెర్పాలు తమ పిల్లలకి బడి కావాలన్నారు. 1961లో ఖుమ్‌జుంగ్ అనే ఊళ్ళో బడి వచ్చింది, 1966లో పక్కనే ఖుండేలో ఆస్పత్రి వచ్చింది. శిఖరం మీద గడిపింది పావుగంటైతే, దిగివచ్చాక చేసిన సేవ ఆయన బతికున్నంతకాలం సాగింది. దేవుడి లెక్కలో ఏది బరువో మీరే ఆలోచించండి.

అందుకని వెళ్ళేవాళ్ళకి ఒక మనవి. బయల్దేరేముందు ఇంట్లో దీపం పెట్టి సంకల్పం చెప్పుకోండి. విరాళం అడిగే చోట ఈ రెండు వాక్యాలూ స్పష్టంగా రాయండి: "నా ప్రయాణం ఖర్చు నాదే. నేను చివరిదాకా వెళ్ళినా, మధ్యలో దిగినా, మీరిచ్చిన ప్రతి రూపాయీ పిల్లలకి చేరుతుంది." మీ బరువు మోసే పోర్టర్‌కి కూడా వెచ్చటి బట్టలు, సరైన కూలి, వేడి భోజనం ఉన్నాయో లేదో అడిగి చూసుకోండి. వీపు మీద మన మూట మోసేవాణ్ణి చలికి వదిలేసి, దూరాన ఉన్నవాళ్ళకి దానం చేస్తే అది దానం అనిపించుకోదు.

ఇచ్చేవాళ్ళకీ ఒక మాట. వాళ్ళు తిరిగొచ్చాక "పైదాకా ఎక్కావా?" అని మొదట అడక్కండి. "క్షేమంగా వచ్చావా?" అని అడగండి. ఆ ఒక్క ప్రశ్న ముందే తెలిసుంటే, అక్కడ చలిలో వెనక్కి తిరగాల్సిన మనిషికి ఎంత ధైర్యమో.

ఓం నమో వేంకటేశాయ. వచ్చే వారం మళ్ళీ కలుద్దాం. శుభం.