అలవాటు లేని ముద్ద

మా అత్తమ్మది నల్లగొండ దిక్కు. ప్రభుత్వ బడిలో తెలుగు చెప్పి రిటైరయ్యారు. నాది తెనాలి దగ్గరి పల్లె. హైదరాబాదు మూసారాంబాగ్‌లో ఒకే వంటింట్లో ఇద్దరం వండుతాం కాబట్టి తిండి మీద మాకు వాదన తప్పదు. రంజాన్ నెలలో వచ్చిన ఒక వాదన మాత్రం ఉప్పూకారాల దగ్గర ఆగకుండా చాలా దూరం నడిచింది. రాయదగ్గదనిపించి రాస్తున్నాను.

మొదలుపెట్టింది నేనే. "ఇన్నేళ్లు మలక్‌పేట పక్కనే ఉండి ఒక్కసారీ హలీం రుచి చూడలేదా అత్తమ్మా? మాంసం తింటారుగా!"

"తింట. కానీ మాంసమంటే ముక్క కనవడాలె. పక్కన పచ్చిపులుసుండాలె. మాంసాన్ని గోధుమలల్ల ఏసి పొద్దుందాక గుద్దితే అది కూర గాదు, జావ గాదు. నాకు ఇష్టం లేదు."

"తినకుండానే ఇష్టం లేదని ఎలా తెలిసింది?"

"నువ్వు సర్వపిండి తిన్నవు గదా, కొత్తగొచ్చినప్పుడు. తిన్నంక కూడ ఇష్టం కాలే. మరి తింటే తెలుస్తదన్న మాట ఏమాయె?"

నిజమే. ఆ రోజుల్లో నాకది ఎండిపోయిన రొట్టెలా తోచింది. ఇప్పుడు సంగతి వేరు. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, నానిన శనగపప్పు కలిపి, మందపాటి గిన్నె అడుగున వేళ్లతో ఒత్తి, నడుమ చిల్లులు పెట్టి, ఆ చిల్లుల్లో నూనె వేస్తారు. నూనె దిగిన చోట చిల్లు చుట్టూ ఒక ఎర్రటి అంచు కాలుతుంది. ఆ అంచు పళ్ల కింద విరిగినప్పుడు ముందు నువ్వుల వాసన తగిలి, ఆ తర్వాతే కారం తెలుస్తుంది. ఆ ముక్క కోసం ఇంట్లో పిల్లలతో పోటీ పడతాను.

"అది నీకు ఏ దినాన ఇష్టమైందో చెప్పగలవా?" అని అడిగారు.

"చెప్పలేను."

"నేను చెప్త. వాన పడుతుంటే అందరం గిన్నె చుట్టూ కూసొని తిన్నం. నువ్వు మా నడుమ కూసున్నవు. గట్ల అయింది. నాలుకతోని కాలే, మనుషులతోని అయింది."

నాకు పాల్ రోజిన్ గుర్తొచ్చాడు, ఆ సంగతి అత్తమ్మకు చెప్పాను. ఆయన అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త. మెక్సికో కొండపల్లెలో ఆయన చేసిన పరిశోధన 1980లో అచ్చయింది. ఆ ఊళ్లో మిగిలిపోయిన కారపు తిండినే పందులకు, కుక్కలకు పెట్టేవారు. ఎన్నాళ్లు తిన్నా వాటికి కారం మీద ఇష్టం పుట్టలేదు. పిల్లలు మాత్రం కాస్త ఎదిగేసరికి తమంతట తామే కారం కోరి వేసుకున్నారు. ఎవరూ బలవంతపెట్టలేదు, బహుమతులివ్వలేదు. పెద్దవాళ్లు తింటుంటే పక్కన ఉన్నారు, అంతే.

"కుక్క పక్కన కూసొని 'మంచిగున్నది, జర తిను' అనేటోళ్లు ఎవరున్నరు?" అన్నారు అత్తమ్మ.

అక్కడ నాకొక బెంగ పట్టుకుంది. "అలాగైతే నా ఇష్టం నాది కాదన్నమాట. వేడన్నంలో ముద్దపప్పు, ఆవకాయ, పైన కరుగుతున్న నెయ్యి. ఇంతకు మించిన సుఖం లేదని నేననుకోవడం మా ఊరు నాకు అంటించినదేనా? కడుపుతో ఉన్న తల్లులు క్యారెట్ రసం తాగితే, పుట్టిన బిడ్డలు క్యారెట్ కలిపిన జావను ఇష్టంగా తిన్నారని 2001లో జూలీ మెన్నెల్లా బృందం చూపింది. కళ్లు తెరవకముందే రుచులు నిర్ణయమైపోతుంటే ఇక నేను ఎంచుకున్నది ఏముంది?"

"నీ తెలుగు నువ్వు ఎంచుకున్నవా? ఎంచుకోలేదని అది నీది కాకుండ పోయిందా? మంది ఇచ్చిందే మనదైతది, బిడ్డా. తర్వాత ఇంకోటి నేర్చుకుంటవా లేదా అన్నదే నీ చేతులున్నది."

ఈ మాట దగ్గర నేను చాలాసేపు ఆగాను. సొంత ఇష్టం అంటే ఒంటరిగా పుట్టిన ఇష్టం అని అనుకుంటాం. అలాంటిది ఒక్కటి కూడా నా కంచంలో కనబడలేదు. మా గుంటూరు పేరు మోసుకు తిరిగే మిరపకాయ అమెరికా ఖండాల నుంచి పోర్చుగీసువారి ఓడల మీద వచ్చింది. అత్తమ్మ సర్వపిండిలోని పల్లీల పుట్టిల్లు దక్షిణ అమెరికా. పప్పులో పడే టమాటా కూడా అటువైపుదే.

"శ్రీనాథుడు పదిహేనో శతాబ్దిదాక బతికిండు. మిరపకాయ మొఖమే చూడలే," అన్నారు ఆ తెలుగు టీచరు. "ఆయనకు కారమంటే మిరియమే. ఎన్ని విందులు తిన్నా ఎర్రకారం ముద్ద తెల్వకుండనే పోయిండు పాపం. ఆయన పోయినంక ఎవరో ఒకామె కొత్త కాయను పులుసుల ఏసి ఉంటది. ఇంటోళ్లు కళ్లల్ల నీళ్లు పెట్టుకొని తిని ఉంటరు. ఆమె పేరు మనకు తెల్వదు."

ఆ సాయంత్రమే హలీం తెచ్చాను. 2010లో భౌగోళిక గుర్తింపు పొందిన హైదరాబాదు వంటకమే గానీ దీని మూలం అరబ్బుల హరీస్. అత్తమ్మ చెంచాతో ముందు పైనున్న వేయించిన ఉల్లిగడ్డ తీసుకున్నారు. నిమ్మకాయ పిండుకున్నారు. లోపలి ముద్దను నిదానంగా నాలుగు చెంచాలు తిన్నారు.

"ఉల్లిగడ్డ మంచిగున్నది. కడమది ఇంక నాకు అర్థం కాలే. మల్లొకసారి తింటే చెప్త."

ఇంత నిజాయితీగల తీర్పు ఈ మధ్య నేను వినలేదు. కొత్త తిండిని తెగువకు పరీక్షలా చూస్తున్నారిప్పుడు. ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుని, ఫోటో దిగి, అద్భుతమనో అసహ్యమనో తేల్చేస్తారు. తిండి ఆ తొందరకు లొంగదు. దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్ గదుల్లో కోచింగ్‌కు వచ్చిన పిల్లలు ఊరి నుంచి తెచ్చుకున్న పచ్చడి సీసా మూత తీస్తే, గదిలో నలుగురి చేతులూ ముందుకొస్తాయి. శ్రీకాకుళం పిల్ల తెచ్చినదాన్ని ఆదిలాబాద్ పిల్ల మొదట మొహమాటానికి తింటుంది. సీసా అడుగంటే వేళకు అది ఆమె పచ్చడి కూడా అవుతుంది. రుచికి ఇంతకంటే మంచి బడి నాకు తెలియదు.

"అయినా తిననోళ్లను తినమని పట్టుబట్టొద్దు," అన్నారు అత్తమ్మ. "తినకపోవుడు తప్పు గాదు. చిన్నచూపు చూసుడు తప్పు. నా చిన్నప్పుడు మా ఇంట్ల జొన్నరొట్టె, జొన్నగటుక. వరన్నం పండుగకే. పల్నాటి జొన్నకూటిని శ్రీనాథుడు ఎక్కిరించిన పద్యం క్లాసుల చెప్తుంటే పిల్లలంత నవ్వేటోళ్లు. పొద్దున జొన్నరొట్టె తిని బడికొచ్చిన పిల్లలు కూడ నవ్వేటోళ్లు. అది చూసి నా పానం చివుక్కుమనేది."

తర్వాత కథ మనందరికీ తెలుసు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది, పేదింటి పొయ్యి మీదికి రోజూ అన్నం ఎక్కింది. అది గొప్ప మేలు, సందేహం లేదు. ఇప్పుడు దిల్‌సుఖ్‌నగర్ రోడ్ల పక్కన సాయంత్రమైతే వేడివేడి జొన్నరొట్టెల కోసం కార్లు ఆగుతున్నాయి. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరమంది. రొట్టె మారలేదు, తినేవాళ్ల హోదా మారింది. హోదాను రుచి అని పొరబడినంత కాలం మన నాలుక మనకు నిజం చెప్పదు.

తైత్తిరీయోపనిషత్తులో భృగువు తండ్రి వరుణుణ్ణి బ్రహ్మమంటే ఏమిటని అడుగుతాడు. తపస్సు చేసి మొదట అన్నమని తెలుసుకుంటాడు. ఆ తర్వాత ప్రాణం, మనసు, విజ్ఞానం, చివరికి ఆనందం. అన్నం కింది మెట్టు, ఆనందం పై మెట్టు అని నేను చదువుకున్నాను. అత్తమ్మ ఒప్పుకోలేదు.

"ఆనందం దాక పోయినంక ఆ ఉపనిషత్తు ఏం చెప్తదో చూడు. మల్ల అన్నం దగ్గరికే వస్తది. అన్నాన్ని నిందించొద్దంటది. కాదనొద్దంటది. దాని ఎంబడే, ఉండేతందుకు చోటడిగి వచ్చినోళ్లను వద్దనొద్దంటది. అన్నం, చోటు రెండూ పక్కపక్కనే చెప్పింది. ఊరికే చెప్పలే."

మర్నాడు మూసారాంబాగ్ సందుల్లో నడుస్తుంటే టులెట్ బోర్డుల మీదే నా కళ్లు ఆగాయి. కొన్నింటి మీద రెండు గదులు, మంజీరా నీళ్లు అని రాసి, కింద 'శాకాహారులకు మాత్రమే' అని ఉంది. నిజాం కొలువులో చేరి 1798లో కన్నుమూసిన ఫ్రెంచి సేనాని రేమండ్ సమాధి ఇక్కడి గుట్ట మీద ఉంది. ఎక్కడి నుంచో వచ్చిన ఆయన పేరే మనవాళ్ల నోట్లో ఈ పేటకు పేరైంది. అలాంటి పేటలో, చోటడిగి వచ్చినవారిని కంచం చూసి వద్దంటున్నాం. శాకాహారుల నియమం మీద నాకు గౌరవమే, వారి వంటింటి జోలికి ఎవరూ పోనక్కర్లేదు. కానీ అద్దెకిచ్చిన ఇంట్లో ఉడికేది అద్దెకున్నవారి అన్నం. ఇంటి యజమానులకు నాదొక్కటే మనవి: ఈసారి బోర్డు రాయించేటప్పుడు ఆ కింది వరుస తీసేయండి.