సాక్షి చేయి

మృతుని రూపమును నిలుపుటలో సత్యమెంతవరకు అను ప్రశ్న, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల సీమలలోని వీరగల్లుల యెదుట నిలిచినప్పుడెల్ల నా మనస్సున మెదలుచుండును. ఆలమందలను తోలుకొనిపోవు శత్రువుల నడ్డగించి కూలినవాడు క్రింది అంతస్తున కత్తి దూసి నిలిచియుండును. నడుమ అప్సరసలు వానిని చెరియొక ప్రక్క పట్టి కొనిపోవుదురు. పైని శివలింగము చెంత చేతులు జోడించి కూర్చుండును. తెగిన మెడను గాని, ఈగలు ముసరిన గాయమును గాని శిల్పి చెక్కలేదు. అంతమాత్రమున ఆ శిల అబద్ధమాడినదనరాదు; కన్నది కన్నట్లు చెక్కితినని శిల్పి యెన్నడును చెప్పుకొనలేదు. అది ఊరు తీర్చుకొనిన ఋణము. చూచువారును అట్లే చూతురు.

ఛాయాచిత్రము మాత్రము తాను సాక్షినని చెప్పుకొనును. అమెరికా అంతర్యుద్ధకాలమున గాజుపలకకు కొలోడియన్ పూసి, వెండిలవణపు ద్రావణమున ముంచి, తడి యారకమునుపే బొమ్మ తీసి, వెంటనే చీకటి బండిలో కడుగవలసియుండెను. పరుగెత్తు గుఱ్ఱము ఆ పలకపై నిలువదు. కదలనివారు మృతులే గనుక, శిల్పి విడిచిపెట్టినదే యంత్రమునకు దక్కెను. 1862 అక్టోబరున న్యూయార్కులోని ఛాయాచిత్రకారుడు బ్రేడీ చిత్రశాలలో యాంటీటమ్ యుద్ధ మృతుల చిత్రములను జనులు చూచిరి.

మరుసటి యేడు జూలైలో, గెటిస్‌బర్గున, అలెగ్జాండర్ గార్డనర్ బృందము బండల నడుమ పడియున్న యువసైనికుని బొమ్మ తీసి, పిదప ఆ శవమునే మోసికొనిపోయి రాతిగోడ చాటున పరుండబెట్టి, తుపాకి నానించి, పొంచి కాల్చువాని స్థావరమని మరల తీసెను. పలకలను పోల్చి ఈ సంగతిని 1975లో విలియం ఫ్రాసనిటో వివరముగా చూపెను. మన లక్నోలో, సికందర్‌బాగున 1857 నవంబరులో హతులైన సిపాయీల యెముకలు, మరుసటి యేడు ఫెలీచే బియాటో తీసిన చిత్రమున ముంగిట పరచుకొనియున్నవి. దహనమో ఖననమో జరుగవలసిన చోట కెమెరా నిలిచినది.

సాక్షి చూచువాడే గాని కర్త గాడని వేదాంతులందురు. చూచుటను నేను దోషమనను. శవమును ముట్టు చేయి సంస్కారమునకే ముట్టవలెను. బొమ్మకొరకు ముట్టినంతనే గార్డనర్ సాక్షిత్వము పోయి కర్తయయ్యెను, ఆ కర్తృత్వమును దాచి దోషియయ్యెను.

అట్లని వీరగల్లొక్కటే చాలునని నేననజాలను. పగలు తరములు దాటిన ఈ సీమలో కూలినవానిని కైలాసమున కూర్చుండబెట్టిన శిలమీద వాని యాలుబిడ్డల గతి యెక్కడను కానరాదు. నెత్తురును నెత్తురుగా చూపు పటము మనకు మిక్కిలి అవసరము. గార్డనర్ చిత్రమును సైతము పారవేయవలదు. శవము తొలుత పడియున్న చోట తీసిన బొమ్మను దాని ప్రక్కనే యుంచి, రెంటిని కలిపియే చూపవలెను.