విన్నపమును పైరవీయును

శాసనములు చేయువారి చెవిని మాట వేయుట తప్పని మేము తలపము. అడుగనిదే అమ్మయైనను పెట్టదు. కష్టపడువాడు చెప్పుకొననిచో తెలిసికొనుటకు శాసనసభ్యునకు దివ్యదృష్టి యెక్కడిది? కూలిస్త్రీ తన యూర సారా అమ్మరాదని యడుగును; మిల్లు యజమాని తన సరకుపై పన్ను తగ్గింపుమని యడుగును. ఇరువురకును స్వప్రయోజనము కలదు. మరి యొకదానిని విన్నపమనియు, రెండవదానిని పైరవీయనియు ఏల పిలుచుచున్నాము? లంచము మాట యిచ్చట తలపెట్టము. అది నేరమని యందఱెఱుగుదురు.

ఈ భేదము తెలియుటకు 1855వ సంవత్సరపు కలకత్తాను చూడవలెను. వితంతువుల పునర్వివాహమును శాసనసమ్మతము చేయవలెనని ఈశ్వరచంద్ర విద్యాసాగరులు శాసననిర్మాణసభకు పంపిన విన్నపము క్రింద సంతకములు 1,000కి లోపు. రాజా రాధాకాంత దేవుగారి పక్షమువారి ప్రతివిన్నపము క్రింద 36,000కు పైగా. తలలు లెక్కించినచో విద్యాసాగరులు ఓడినట్లే! అయినను 1856 జూలైలో శాసనము పుట్టెను. (రాజమహేంద్రవరమున అట్టి వివాహము జరుగుటకు 1881లో వీరేశలింగము పంతులుగారు పూనుకొనవలసివచ్చెను, అది వేఱు కథ.) ఆ సభలో ప్రజలెన్నుకొన్నవా డొక్కడును లేకుండుటచేతనే అధికసంఖ్యాకుల మాట త్రోసివేయుట సాధ్యమయ్యెనని యాక్షేపింపవచ్చును. నిజమే. కాని ఇరుపక్షములవారును తమ పేరులు వ్రాసిరి, యుక్తులు చూపిరి. ఒకరి వాదమునకు మఱియొకరు బదులు చెప్పగలిగిరి. చాటున జరుగు పైరవీ హరించునది ఈ బదులు చెప్పు హక్కునే. అందలి దోషము స్వార్థము కాదు, చాటు.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరములు నేర్చుకొనుచున్న స్త్రీలు సారాకు అడ్డు నిలిచిరి. ఆ యుద్యమము జిల్లాలకు ప్రాకి సారాపాటలను ఆపెను. 1993 అక్టోబరు 1 నుండి సారా నిషేధము, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను. 1997లో ఆ సంపూర్ణ నిషేధము సడలెను. ఖజానాలోటును, దొంగసారాయును కారణములుగ చెప్పబడెను. ఆ స్త్రీలు కోరినదేమో లోకమెల్ల ఎఱుగును, ఏలయన వారు వీధిలో కూర్చుండి యడిగిరి. ధనికులగు వర్తకులు సాధారణముగ వీధిలో కూర్చుండరు. వారికి తలుపు తెలియును.

అమెరికాలో ఇట్టి పైరవీకారులు, అనగా లాబీయిస్టులు, ఎవరి పక్షమున ఏ విషయమై పనిచేయుచున్నదియు నమోదు చేయవలెనని 1946లో నొక చట్టమును, 1995లో అంతకంటె గట్టిదానిని చేసిరి. దానివలన పైరవీ తగ్గినదని మేమనము, కనబడుచున్నది. మన దేశమున అట్టి ప్రత్యేకశాసనము లేదు. బిల్లుల ముసాయిదాలను కనీసము 30 దినములు ప్రజలయెదుట నుంచవలెనని 2014లో కేంద్రప్రభుత్వము నిర్ణయించెను గాని, అది విధానమే, శాసనము కాదు. ఆ ముసాయిదాలు తఱచుగ ఆంగ్లమున నుండును. జీతమిచ్చి న్యాయవాదిని పెట్టుకొన్నవాడు వానిని ముప్పది దినములలో చదివించుకొనగలడు. దూబగుంట కూలిస్త్రీ ఏ పూట పని మానుకొని చదువవలెను?